బిలాస్‌పూర్ నుంచి విదేశానికి: ఏ టికెట్‌లోనూ లేని 110 కిలోమీటర్లు

బిలాస్‌పూర్ రైల్వే కాలనీ నుంచి అమెరికాకో ఆస్ట్రేలియాకో బయల్దేరే తెలుగు కుటుంబం చేతిలో ఉండే విమాన టికెట్ రాయ్‌పూర్‌లో మొదలవుతుంది. ప్రయాణం మాత్రం అంతకు ముందే బిలాస్‌పూర్ ప్లాట్‌ఫారం మీద మొదలవుతుంది. రైల్లో రాయ్‌పూర్, అక్కడి నుంచి విమానంలో ఢిల్లీ, ముంబై లేదా హైదరాబాద్, ఆ తర్వాత దుబాయ్, దోహా, ఫ్రాంక్‌ఫర్ట్ వంటి మరో మజిలీ, చివరికి పిల్లలున్న ఊరు. మొత్తం మూడు చోట్ల మారాలి. చివరి రెండింటిలో తేడా వస్తే విమానయాన సంస్థను అడగవచ్చు, అదీ టికెట్ సరిగ్గా తీసుకుని ఉంటేనే. మొదటి మార్పులో, అంటే రైలు దిగి విమానం ఎక్కే చోట తేడా వస్తే అడగడానికి ఎవరూ లేరు.

2025 డిసెంబర్ మొదటి వారంలో ఈ లోటు దేశమంతటికీ కనిపించింది. పైలట్ల పని గంటల కొత్త నిబంధనలకు తగినట్టు సిద్ధం కాలేక ఇండిగో వేల విమానాలు రద్దు చేసింది. డిసెంబర్ 5న ఒక్కరోజే రద్దయినవి వెయ్యికి పైనే. ప్రభుత్వ ఆదేశంతో దేశీయ టికెట్ల డబ్బు వెనక్కి వచ్చింది. కానీ ఆ విమానాన్ని నమ్ముకుని, వేరే టికెట్ మీద విదేశీ విమానం ఎక్కాల్సినవారి లెక్క వేరు. నాలుగైదు వేల రూపాయల దేశీయ టికెట్ డబ్బు తిరిగొస్తుంది, లక్ష రూపాయల విదేశీ టికెట్ మీద ‘నో షో’ ముద్ర పడుతుంది. చిన్న ఊళ్ల ప్రయాణికులకు ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే.

రైలు ఊరికి విమానం

బిలాస్‌పూర్‌ను ఊరుగా పెంచింది రైలే. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఈ ఊరిని తన ప్రధాన మార్గంలో కూడలిగా చేసింది. 1931లో రాయ్‌పూర్-విజయనగరం మార్గం పూర్తయ్యాక ఉత్తరాంధ్రకు నేరుగా దారి ఏర్పడింది. రైల్వే ఉద్యోగాల కోసం వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇప్పటికీ సొంత ఊరి దారి అదే. కోర్బా-విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్ రాయ్‌పూర్, టిట్లాగఢ్, రాయగడ మీదుగా వారిని విజయనగరం చేరుస్తుంది. 2003 ఏప్రిల్ 1 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు బిలాస్‌పూర్ ప్రధాన కేంద్రం.

విమానం విషయంలో ఈ ఊరు ఆలస్యంగా మేలుకుంది. చకర్‌భఠాలోని బిలాసా దేవి కేవట్ విమానాశ్రయం నుంచి 2021 మార్చి 1న అలయన్స్ ఎయిర్ సర్వీసులు మొదలయ్యాయి. జబల్‌పూర్, ప్రయాగ్‌రాజ్ మీదుగా ఢిల్లీకి, తర్వాత కోల్‌కతాకు విమానాలు వచ్చాయి. రన్‌వే పొడవు సుమారు 1,500 మీటర్లు. ఏటీఆర్ 72 వంటి చిన్న విమానానికి అది చాలు, ఎయిర్‌బస్ 320కి చాలదు. రన్‌వే పొడిగింపు, అందుకు కావలసిన రక్షణ శాఖ భూమి, రాత్రివేళ విమానాలు దిగే ఏర్పాట్ల మీద ఊళ్లో ఏళ్ల తరబడి ఆందోళనలు సాగాయి. ఛత్తీస్‌గఢ్ హైకోర్టు కూడా బిలాస్‌పూర్‌లోనే ఉంది. ఈ విషయాలు దాని ముందుకూ వెళ్లాయి.

చాలామంది గమనించని మార్పు ఒకటుంది. అలయన్స్ ఎయిర్ ఒకప్పుడు ఎయిరిండియా అనుబంధ సంస్థ. 2022 జనవరిలో ఎయిరిండియా టాటాల చేతికి వెళ్లింది, అలయన్స్ ఎయిర్ మాత్రం ప్రభుత్వం దగ్గరే ఉండిపోయింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఎయిరిండియా, అలయన్స్ ఎయిర్ ఇక తమ సంస్థ కాదని ప్రయాణికులకు ప్రకటించింది. బిలాస్‌పూర్ నుంచి ఢిల్లీ వెళ్లి అక్కడ విదేశీ విమానం ఎక్కడమనేది ఒకే ఇంట్లో ఒక గది నుంచి మరో గదికి మారడంలా ఉండాల్సింది. ఇల్లు రెండుగా చీలింది. రెండూ ఒకే టికెట్ మీద దొరకనప్పుడు మధ్యలో ఏ ఆలస్యం జరిగినా ఆ భారం ప్రయాణికుడిదే.

అందుకే చాలామంది 110 కిలోమీటర్ల దూరంలోని రాయ్‌పూర్‌కే వెళ్తారు. అక్కడి స్వామి వివేకానంద విమానాశ్రయం నుంచి పెద్ద నగరాలకు విమానాలు ఎక్కువ. కానీ అక్కడ కూడా విదేశాలకు రోజువారీ సర్వీసు లేదు.

టికెట్ ఒకటా, రెండా

మజిలీ ప్రయాణంలో మొదట తేల్చుకోవాల్సింది మధ్యలో ఎన్ని గంటలు ఆగుతారన్నది కాదు, టికెట్లు ఎన్ని అన్నది. రాయ్‌పూర్ నుంచి చివరి ఊరి దాకా ఒకే టికెట్ ఉంటే, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పినా తర్వాతి విమానంలో పంపే బాధ్యత సాధారణంగా సంస్థదే. ప్రతి విమానాశ్రయానికీ విమానం మారడానికి కనీస వ్యవధి ఒకటి నిర్ణయించి ఉంటుంది. ఒకే టికెట్‌లో అంతకు తక్కువ వ్యవధిని బుకింగ్ వ్యవస్థ అనుమతించదు. రెండు టికెట్లు విడివిడిగా కొన్నప్పుడు ఈ కాపలా ఉండదు. రెండు విమానాల మధ్య గంటే ఉన్నా వెబ్‌సైట్లు రెండింటినీ అమ్మేస్తాయి.

చట్టం కూడా ఈ తేడానే పాటిస్తుంది. భారత్ 2009లో చేరిన మాంట్రియల్ ఒప్పందం ప్రకారం, వేర్వేరు సంస్థలు నడిపినా ఇరుపక్షాలూ ఒకే ప్రయాణంగా భావించి కుదుర్చుకుంటే అది అవిభక్త ప్రయాణం. ఆలస్యం వల్ల కలిగే నష్టానికి ఆ ఒప్పందం కింద సంస్థ బాధ్యత వహించాలి. మన డీజీసీఏ నిబంధనల్లో కూడా, ముందుగా చెప్పకుండా విమానం రద్దు చేసినందువల్ల తర్వాతి విమానం తప్పితే పరిహారం ఉంది, అయితే రెండూ ఒకే టికెట్ నంబర్ మీద ఉండాలి. యూరప్ ఇంకో అడుగు ముందుంది. అక్కడి 261 నంబర్ నిబంధన కింద ఆలస్యాన్ని చివరి గమ్యం దగ్గర కొలవాలని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2013లో తేల్చింది. మొదటి విమానం కాస్తే ఆలస్యమైనా, దానివల్ల చివరి ఊరికి మూడు గంటలకు మించి ఆలస్యంగా చేరితే పరిహారం అడగవచ్చు.

రెండు టికెట్లు తీసుకుంటే పది పదిహేను వేలు మిగలవచ్చు. ఆ మిగులు నిజానికి వదులుకున్న బీమా ప్రీమియం లాంటిది. ఒంటరిగా, చిన్న బ్యాగుతో వెళ్లే యువకుడికి ఆ లెక్క సరిపోవచ్చు. మనవడి పుట్టుకకు వెళ్తూ రెండేసి పెట్టెలు మోసుకెళ్లే అరవై ఏళ్ల దంపతులకు సరిపోదు.

మొదటి అడుగు తప్పితే

ఒకే టికెట్‌లోనూ ఒక ఉచ్చు ఉంది. రైలు ఆలస్యమై రాయ్‌పూర్-ఢిల్లీ విమానం తప్పిందనుకుందాం. ఎలాగోలా మరో టికెట్ కొనుక్కుని సమయానికి ఢిల్లీ చేరినా విదేశీ విమానం ఎక్కనివ్వకపోవచ్చు. టికెట్‌లోని మొదటి భాగం వాడకపోతే మిగతా భాగాలన్నీ రద్దయ్యే నియమం చాలా సంస్థల్లో ఉంది. అందుకే రాయ్‌పూర్‌లో తప్పిన విమానం గురించి అక్కడి కౌంటర్‌లోనే చెప్పి, టికెట్ మార్పించుకున్నాకే కదలాలి.

ఆగ్నేయ మధ్య రైల్వేలో రైలు ఆలస్యం అనుకోని సంఘటన కాదు. దేశంలో బొగ్గు ఎక్కువగా కదిలే మార్గాల్లో ఇదొకటి. 2022 వేసవిలో విద్యుత్ కేంద్రాలకు బొగ్గు కొరత వచ్చినప్పుడు గూడ్సు రైళ్లకు దారి ఇవ్వడానికి ఈ జోన్‌లో ప్రయాణికుల రైళ్లను పెద్ద సంఖ్యలో రద్దు చేశారు. రాష్ట్ర ప్రభుత్వం అప్పట్లో అభ్యంతరం చెప్పింది. మూడో లైను, నాలుగో లైను పనుల కోసం రద్దులు ఆ తర్వాతా కొనసాగాయి. 2025 నవంబర్ 4న బిలాస్‌పూర్ దగ్గర ప్యాసింజర్ రైలు గూడ్సును ఢీకొని కనీసం 11 మంది చనిపోయినప్పుడు హౌరా-ముంబై ప్రధాన మార్గంలో రాకపోకలు స్తంభించాయి. ఇక చలికాలంలో ఢిల్లీ పొగమంచు ఉంది. డిసెంబర్, జనవరిలో ఉదయం ఢిల్లీలో దిగే విమానాన్ని నమ్ముకుని మధ్యాహ్నం విదేశీ విమానం పెట్టుకోవడం జూదమే.

అందువల్ల రైలుకు, విమానానికి మధ్య గంటల లెక్క కన్నా ‘ఇది తప్పితే ఇంకేముంది’ అన్న లెక్క ముఖ్యం. ఆ రైలు రద్దయితే మరో రైలు ఉందా? లేకపోతే రెండున్నర గంటల రోడ్డు ప్రయాణానికి వ్యవధి మిగులుతుందా? తెల్లవారుజామున విమానమైతే ముందు రాత్రే రాయ్‌పూర్ చేరడం ఖర్చే, కానీ పెద్ద ఖర్చును తప్పించే చిన్న ఖర్చు.

ఎక్కడ ఆగాలి

ఎక్కడ మారుతున్నామన్నదీ ముఖ్యమే. హైదరాబాద్ శంషాబాద్‌లో దేశీయ, అంతర్జాతీయ విమానాలు ఒకే టెర్మినల్‌లో ఉంటాయి. బిలాస్‌పూర్ తెలుగువారికి భాషతో పాటు ఇది మరో సౌకర్యం. ఢిల్లీలో అంతర్జాతీయ విమానాలు టెర్మినల్ 3 నుంచే వెళ్తాయి. టెర్మినల్ 1లో దిగితే రోడ్డు మీద కిలోమీటర్ల దూరం వెళ్లాలి. 2025 డిసెంబర్ 25 నుంచి నవీ ముంబై విమానాశ్రయం కూడా పనిచేస్తోంది. ‘ముంబై’ అన్న పేరు చూసి టికెట్ కొంటే ఒక విమానాశ్రయంలో దిగి, నగరం దాటి ఇంకో విమానాశ్రయంలో ఎక్కాల్సి రావచ్చు.

విదేశీ మజిలీలో అడగాల్సిన ప్రశ్న వీసా. అమెరికాలో విమానం మారడానికైనా వీసా కావాలి. బ్రిటన్‌లో విమానాశ్రయం దాటకపోయినా భారతీయులకు ట్రాన్సిట్ వీసా అవసరం, అమెరికా వంటి దేశాల వీసా ఉన్నవారికి కొన్ని మినహాయింపులున్నాయి. గల్ఫ్ విమానాశ్రయాల్లో లోపలే మారితే వీసా అక్కర్లేదు. కానీ రెండు టికెట్లయి, పెట్టెలు బయటికొచ్చి తీసుకుని మళ్లీ ఇవ్వాల్సి వస్తే అది ఆ దేశంలో ప్రవేశించడమే, అప్పుడు వీసా కావాలి. అబుదాబిలో అమెరికా ఇమిగ్రేషన్ తనిఖీ అక్కడే పూర్తవుతుంది, కాబట్టి అక్కడ ఎక్కువ సమయం ఉంచుకోవాలి. దానికి బదులు అమెరికాలో దిగాక క్యూ ఉండదు. మిగతా చాలా దారుల్లో వెళ్లేవారు అమెరికాలో దిగిన మొదటి ఊళ్లోనే పెట్టెలు తీసుకుని కస్టమ్స్ దాటి మళ్లీ ఇవ్వాలి.

రాజకీయాలు కూడా మజిలీలను కుదిపేస్తున్నాయి. 2025 ఏప్రిల్ 24 నుంచి పాకిస్థాన్ గగనతలం మన విమానాలకు మూతపడి పశ్చిమ దేశాల ప్రయాణం పొడవైంది. ఆ జూన్ 23న ఖతార్ తన గగనతలం మూసినప్పుడు దోహాకు వెళ్తున్న విమానాలు దారి మళ్లాయి. ఏ మజిలీ శాశ్వతంగా సురక్షితం కాదు.

తిరుగు ప్రయాణంలో సాధారణంగా ఇమిగ్రేషన్, కస్టమ్స్ రెండూ దేశంలో అడుగుపెట్టిన మొదటి విమానాశ్రయంలోనే పూర్తిచేయాలి. పెట్టెల మీద రాయ్‌పూర్ చీటీ ఉన్నా అక్కడ తీసుకుని మళ్లీ అప్పగించాలా అన్నది బయల్దేరే చోటే అడిగి తెలుసుకోవాలి.

రైల్వేకు తెలిసిన పరిష్కారం

ఇంతవరకూ చెప్పినవన్నీ ప్రయాణికుడు తీసుకోవాల్సిన జాగ్రత్తలు. అసలు ప్రశ్న, ఇన్ని జాగ్రత్తలు అతనొక్కడి మీదే ఎందుకు పడాలన్నది. ఢిల్లీవాసి ఇంటి నుంచి మెట్రోలో విమానాశ్రయానికి వెళ్తాడు. బిలాస్‌పూర్‌వాసి అదే విమానం కోసం ఒక రాత్రి, ఒక హోటల్ గది, ఒక రైలు టికెట్, కొంత నిద్ర అదనంగా చెల్లిస్తాడు.

ఈ సమస్యకు సగం జవాబు రైల్వే దగ్గరే ఉంది. 2019 ఏప్రిల్ నుంచి రెండు రైళ్ల పీఎన్‌ఆర్‌లను జతచేసుకునే వీలు కల్పించింది. మొదటి రైలు ఆలస్యమై రెండోది తప్పితే, షరతులకు లోబడి, ప్రయాణించని భాగం ఛార్జీ కోత లేకుండా తిరిగి వస్తుంది. తన ఆలస్యం ప్రయాణికుడి తర్వాతి ప్రయాణాన్ని దెబ్బతీస్తుందని రైల్వే ఒప్పుకున్నట్టే కదా. ఆ అంగీకారం స్టేషన్ గేటు దగ్గర ఆగిపోయింది. రాయ్‌పూర్‌లో రైలు దిగి ఇంకో రైలు ఎక్కేవాడికి రక్షణ ఉంది, విమానం ఎక్కేవాడికి లేదు.

జర్మనీలో లుఫ్తాన్సా కొన్ని రైళ్లను విమాన నంబర్లతోనే అమ్ముతుంది. రైలు ఆలస్యమై విమానం తప్పితే మరో విమానంలో పంపే పూచీ కూడా ఇస్తుంది. ఇక్కడ అది అసాధ్యమేమీ కాదు. 2022 డిసెంబర్ 11న మొదలైన బిలాస్‌పూర్-నాగ్‌పూర్ వందేభారత్ రాయ్‌పూర్ మీదుగానే వెళ్తుంది. అటువంటి ఒకటి రెండు రైళ్లను రాయ్‌పూర్ విమానాలతో జతచేసి, ఒకే టికెట్‌గా అమ్మి, ఆలస్యమైన రోజున తర్వాతి విమానంలో సీటు ఇచ్చే ఏర్పాటు చేయడానికి కొత్త రన్‌వే అక్కర్లేదు, రక్షణ శాఖ భూమీ అక్కర్లేదు. రైల్వే, ఒక విమానయాన సంస్థ, పౌర విమానయాన శాఖ ఒక ఒప్పందానికి వస్తే చాలు.

చకర్‌భఠా రన్‌వే పొడవు పెరగాల్సిందే. అది పెరిగేలోపు, పెరిగిన తర్వాత కూడా, ఈ ఊరి నుంచి విదేశానికి వెళ్లేవారిలో చాలామంది రైలెక్కే బయల్దేరతారు. ఆ 110 కిలోమీటర్లకు కూడా ఎవరో ఒకరు జవాబుదారీ కావాలి.