చెరువుకు మార్కులు వేయొద్దు

ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఇంజినీరింగ్ చదువుతున్నారా? అయితే సాగర్ రోడ్డు పొడవునా వెంచర్ల బోర్డులు మీకు కొత్తకాదు. ఆదిబట్లలో ఐటీ, ఏరోస్పేస్ కంపెనీలు వచ్చాయి. నగరం ఇటే పాకుతోంది. ఏ భూమి ఇళ్లకు పనికొస్తుంది, ఏది పనికిరాదు అని తేల్చడం కూడా ఒక ఉద్యోగమే. సివిల్, జాగ్రఫీ, కంప్యూటర్స్ వాళ్లెవరైనా చేయొచ్చు.

పద్ధతి సులువే. నేల వాలు, మట్టి రకం, రోడ్డుకు దూరం, నీటి వనరులు... ఒక్కోదాన్ని ఒక్కో పొరగా జీఐఎస్‌లో పేరుస్తారు. ప్రాధాన్యాన్ని బట్టి మార్కులేసి కూడతారు. ఎక్కువ మార్కులొస్తే ఆకుపచ్చ, తక్కువైతే ఎరుపు.

చిక్కంతా ఆ కూడికలోనే ఉంది. చెరువు శిఖంలోని ఎకరాన్నే తీసుకోండి. రోడ్డు పక్కనే ఉందా? ఫుల్ మార్కులు. చదునుగా ఉందా? మళ్లీ ఫుల్. నీళ్ల దగ్గర పోయిన మార్కులు ఇక్కడ పూడిపోతాయి. మ్యాప్‌లో చెరువు పచ్చగా, ప్లాట్లకు సిద్ధంగా కనిపిస్తుంది! పైగా మే నెల ఉపగ్రహ చిత్రం వాడితే ఎండిన చెరువు ఖాళీ జాగాలాగే ఉంటుంది.

ఇంటర్‌లో ఒక్క సబ్జెక్టు తప్పితే మిగతావాటిలో ఎన్ని వచ్చినా ఫెయిలే కదా. చెరువు, వాగు, నాలా విషయంలోనూ అంతే ఉండాలి. నిబంధనలూ అదే చెబుతున్నాయి: పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువైతే ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు వదలాల్సిందే. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో పల్లెచెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి కాలనీలు మునిగాయి. నీళ్లు తమ దారి మర్చిపోవు.

'శిఖంలో పట్టా ఉన్న రైతు సంగతేంటి?' అంటారా? న్యాయమైన ప్రశ్నే. ఆయనకు పరిహారం దక్కాలి. అంతేకానీ అందుకోసం మ్యాప్ అబద్ధం చెప్పకూడదు.

నేర్చుకోవడానికి క్యూజీఐఎస్ ఉచితం. ఇస్రో 'భువన్' పోర్టల్‌లో ఉపగ్రహ చిత్రాలు దొరుకుతాయి. పైచదువు కావాలంటే జేఎన్‌టీయూహెచ్‌లో స్పేషియల్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీలో ఎంటెక్ ఉంది. తొలి ప్రాజెక్టుకు కుతుబ్‌షాహీల కాలం నాటి మన ఇబ్రహీంపట్నం పెద్దచెరువే చాలు. ల్యాప్‌టాప్ తెరిచేముందు మాత్రం కట్ట మీదికి వెళ్లి, అలుగు పారితే నీళ్లెటు పోతాయో అక్కడి రైతుల్ని, చేపలు పట్టేవాళ్లని అడగండి. మీ మొదటి పొర అదే.