వీపు కనిపించే వీరుడు



రఘునాథపల్లి నుంచి ఒక చిరంజీవి ఉత్తరం రాశాడు. టీవీలో వీరుడు మేడమీదనుంచి దూకితే జుట్టయినా చెదరలేదట. తాను మాత్రం పెరటిగోడ మీదనుంచి దూకి మోకాలు చెక్కుకున్నాడట. "ఆయనకు దెబ్బ ఎందుకు తగలదు?" అని అడిగాడు. మంచి ప్రశ్నే. గోడ ఎక్కకముందే అడిగి ఉంటే ఇంకా బాగుండేది!

అసలు రహస్యమేమిటంటే, మాట్లాడిన వీరుడూ దూకిన వీరుడూ చాలాసార్లు ఒకరు కారు. ముఖం దగ్గరగా కనిపించినప్పుడు ఉన్నది నటుడు. దూకేటప్పుడు మనకు వీపు మాత్రమే కనిపిస్తుంది. ఆ వీపు మరొకరిది! అతన్ని సినిమావాళ్లు "డూపు" అంటారు. ఎత్తూ లావూ నడకా నటునికి సరిపోయే మనిషిని వెతికి, అవే దుస్తులు తొడిగి, అదే జుట్టు పెడతారు. వీరునికి ముసుగుంటే పని మరీ సులువు.

డూపు పని దూకటమొక్కటే కాదు. 1964లో "రాముడు భీముడు" అనే సినిమా వచ్చింది. అందులో కవలలిద్దరూ ఎన్. టి. రామారావుగారే. ఆ రోజుల్లో ఒకే మనిషిని ఇద్దరుగా చూపటానికి కెమెరా ముందు సగం మూసి, నటుణ్ణి ఒక పక్క నిలబెట్టి తీసేవారు. తరువాత ఫిల్మును వెనక్కు తిప్పి, తీసిన సగం మూసి, అదే నటుణ్ణి రెండో పక్క నిలబెట్టి తీసేవారు. మరి అన్నదమ్ములు కావలించుకోవాలంటే? నడిమి గీటు దాటితే బొమ్మ చెడిపోతుంది కదా! అటువంటి చోట్ల ఇంకొక మనిషి కావాలి. ఆ చిత్రంలో రామారావుగారికి డూపుగా నిలబడినవారు కైకాల సత్యనారాయణగారు. 1977లో "యమగోల"లో యమధర్మరాజు వేషం వేసినదీ ఆయనే. మీ తాతయ్యనడిగితే చెబుతాడు.

ఇక దుస్తుల సంగతి వినండి. సినిమా అయినా, టీవీ కథ అయినా, మనం చూసే వరుసలో తీయరు. దూకటం ఇవాళ తీస్తే, నేలమీద లేచి నిలబడటం పదిరోజులకు తీయవచ్చు. డూపు దూకినప్పుడు ఎడమ మోకాలికి మట్టి అంటిందనుకోండి. పదిరోజుల తరువాత నటుని ఎడమ మోకాలికే మట్టి పూయాలి. కుడికి పూస్తే, మీవంటి చురుకైనవాళ్లు ఇట్టే పట్టేస్తారు! అందుకని ఏ గుండీ ఊడింది, ఏ చేయి మడిచింది అని రాసుకుంటూ, ఫోటోలు తీసి పెట్టుకుంటూ ఒక మనిషి ఉంటాడు. వీరుని దుస్తులు ఒక్క జత కాదు, కొన్ని జతలు కుట్టిస్తారు. డూపు జత కాస్త వదులుగా ఉంటుంది. ఎందుకంటే దాని అడుగున మోకాళ్లకు మెత్తలు, నడుముకు తాడు కట్టే పటకా ఉంటాయి. ఆ తాడును తరువాత కంప్యూటరుతో చెరిపేస్తారు. కింద పరిచిన పరుపులు మనకు కనబడనే కనబడవు.

చూశారా! మనకు కనిపించేది దూకటం. కనిపించనివి పరుపు, తాడు, ఎన్నో ఏళ్ల అభ్యాసం. 1997 నుంచి 2005 దాకా దూరదర్శన్‌లో "శక్తిమాన్" వచ్చినప్పుడు, ఆ వీరుణ్ణి అనుకరించి పిల్లలు దెబ్బలు తగిలించుకున్నారని పత్రికల్లో వార్తలు వచ్చాయి. ఇంత ఏర్పాటు ఉన్నా డూపులకు ఎముకలు విరుగుతూనే ఉంటాయి. మరి పెరటిగోడ కింద పరుపు ఎవరు పరిచారు?

పోరాటాలు కూర్చేవారికి జాతీయ చలనచిత్ర పురస్కారం మొదటిసారి 2017లో ప్రకటించారు. 2025లో ప్రకటించిన పురస్కారాలలో అది మన తెలుగు వీరుని చిత్రం "హను-మాన్"కు దక్కింది. కాని దూకినవారి పేర్లు ఇప్పటికీ చివరలో చిన్న అక్షరాలలో గబగబా వెళ్లిపోతుంటాయి.

ఈసారి కథ అయిపోగానే టీవీ కట్టేయకండి. ఆ పేర్లలో ఒక్కటైనా చదవండి. మీ వీరునికి వీపు ఇచ్చినవాడు అక్కడే ఉంటాడు.

రఘునాథపల్లి చిరంజీవీ! మోకాలు మానిందా?