బయటి పైసలు వస్తే తండాకు ఏమొస్తది?



"రాష్ట్రానికి వేల కోట్ల విదేశీ పెట్టుబడులు" అని వార్త వచ్చినప్పుడల్లా మనల రెండు జట్లయితున్నయి. ఒకరు చప్పట్లు కొడుతరు, ఇంకొకరు "దేశాన్ని అమ్ముతున్నరు" అంటరు. నందికొండ హాస్టల్ల ఉండి, ఇంట్ల కాలేజీ మెట్లెక్కిన మొదటి తరంగ చదువుకుంటున్న మేం ఈ రెండూ సగం మాటలే అంటున్నం.

బయటి పైసలన్నీ ఒక్క తీరుగ ఉండయి. డాలర్ల అప్పుగ వస్తే వడ్డీతోని డాలర్లల్లనే కట్టాలె. రూపాయి పడిపోతే ఆ భారం పెరుగుతది. ఫ్యాక్టరీగ వస్తే కొన్నేండ్లు ఉంటది, పని నేర్పుతది, లాభంల కొంత బయటికి పోతది. తక్కువ గడువు అప్పులు, షేర్ మార్కెట్ పైసలు ఎంత జల్ది వస్తయో అంత జల్ది పోతయి. 1997ల థాయ్‌లాండ్‌ల అట్లనే పోయినయి. వాళ్ల కరెన్సీ కూలింది, లక్షల మంది పనులు పోయినయి.

మన ముందటి ఉదాహరణ సాగర్ డ్యామే. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిండు. యంత్రాల కంటె మనుషుల చేతులతోనే ఎక్కువ కట్టిన రాతి డ్యామ్ ఇది. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాల్వలకు నీళ్లు వదిలింది. తర్వాత కాల్వలు పాడై చివరి భూములకు నీళ్లందకపోతే, 2010ల ప్రపంచ బ్యాంకు 45 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసింది. ఆ అప్పు దండగ అని మేం అనం. నీళ్లు చివరి మడి దాక పోతే పంట పెరుగుతది.

కానీ కాల్వ ఎటు పారితే లాభం అటే. డ్యామ్ పక్కనే, ఎత్తు మీద ఉన్న మన తండాలకు కాల్వ నీళ్లు ఎక్కవు. తిరుమలగిరి సాగర్ మండలంల నెల్లికల్లు ఎత్తిపోతలకు శంకుస్థాపన అయింది 2021 ఫిబ్రవరిల. అంటే నీళ్లు వదిలిన 50 ఏండ్లు దాటినంక. అప్పు మాత్రం సర్కారు ఖజానా నుంచి కడుతరు. ఆ ఖజానల మన అమ్మ కొనే సబ్బు మీది పన్ను గూడ ఉంది. నీళ్లు కొందరికి, అప్పు అందరికి.

ఫ్యాక్టరీల సంగతి గూడ అంతే. తైవాన్ కంపెనీ ఫాక్స్‌కాన్ కొంగరకలాన్‌కు వచ్చింది, మంచిదే. కానీ ఏ కంపెనీలనైనా మంచి జీతం పనికి ఐటీఐ, డిప్లొమా అడుగుతరు. అవి లేనోళ్లకు గోడ కట్టే కూలి, లేకుంటే ఆటో స్టీరింగే దక్కుతది. దక్షిణ కొరియా గూడ బయటి అప్పులు మస్తు తెచ్చింది. అయితే ముందుగాల పిల్లలందరినీ బడికి పంపింది, అందుకే ఆ పైసలు అక్కడ పని చేసినయి. పైసలను పట్టుకునే చెయ్యి లేకుంటే అవి ఏళ్ల సందుల నుంచి జారిపోతయి.

అందుకే మన గ్రూపు "పెట్టుబడి కావాల్నా, వద్దా" అనే కొట్లాట బంద్ చేసి మూడు ప్రశ్నలు అడగాలె. ఈ పైసలు ఏ రూపంల వస్తున్నయి? తిరిగి ఎవరు కడుతరు? మన పిల్లలకు అండ్ల శిక్షణ సీట్లు ఎన్ని? గ్రామసభల ఇవే అడుగుదాం, రాతపూర్వకంగ జవాబు తీసుకుందాం. మాతోని ఒప్పుకోనోళ్లు గూడ కారణం చెప్పి రాయండ్రి, చదువుతం.