రేపు ఫోన్ చేయండి

ఈ నెల మా ఇంటి సంగతే రాయవలసి వచ్చింది. మా వీధి మలుపులో ఒక తల్లిపిల్లి కారు చక్రాల కింద పడి చనిపోయింది. అసర్ నమాజు వేళ దాటాక మా అమ్మాయి దాని కూనలు రెండింటిని చెప్పుల డబ్బాలో పెట్టుకొని ఇంటికి తెచ్చింది. అవి కళ్ళు తెరిచి వారమైనా అయి ఉండదు. అంత పసికూనలను సాకడం మా వల్ల కాదనుకొని, నగర శివారులోని ఒక జంతు సంరక్షణ కేంద్రానికి ఫోన్ చేశాం.

మొదటి రోజు ఎవరూ ఎత్తలేదు. రెండవ నాడు ఎత్తినవారు వాట్సాప్‌లో ఫొటోలు పంపమన్నారు. పంపాం. చూసినట్లు నీలిగీతలు పడ్డాయి గాని జవాబు రాలేదు. మళ్ళీ అడిగితే ఒక ఫారం నింపమన్నారు. అందులో కూనల వయసు, దొరికిన చోటు, వేయించిన టీకాల వివరాలు! వీధిలో పుట్టిన కూన టీకాల సంగతి ఎవరు చెప్పగలరు? "చోటు ఉందా, లేదా? అదొక్కటీ చెప్పండి" అన్నాం. "రేపు ఫోన్ చేయండి సార్" అన్నారు.

మూడవ నాడు ఆటోలో స్వయంగా వెళ్ళాం. గేటు దగ్గర కాపలాదారు డబ్బా మూత ఎత్తి చూసి, "పిల్లులను తీసుకోవడం ఎప్పుడో ఆపేశారు, ఇప్పుడు కుక్కలకే" అన్నాడు. గేటులోని మనిషికి తెలిసినది ఫోన్‌లోని మనిషికి తెలియదా? మా గొంతు పెరిగింది. ఆ అలికిడికి లోపలి నుంచి ఒక యువతి వచ్చింది. ఒక చేతికి మోచేతి దాకా కట్టు ఉంది. మా కోపమంతా ఓపికగా విని, "ఇంత పనికీ ఉన్నది ఇద్దరమే అండీ. వద్దంటే జనం రాత్రివేళ గేటు ముందు వదిలేసి పోతారు. అందుకే రేపు అంటూ ఉంటాం" అంది.

ఆ కష్టం కాదనలేం. కాని ఆ తర్వాత ఆమె అడిగిన ప్రశ్న మమ్మల్ని ఇప్పటికీ వదలడం లేదు. "పాలేం పడుతున్నారు?" ఆవుపాలన్నాం. "వెంటనే మానేయండి, విరేచనాలు పట్టుకుంటాయి. పిల్లికూనల పాలపొడి దొరుకుతుంది, రెండు మూడు గంటలకొకసారి పట్టండి. వెల్లకిలా పడుకోబెట్టి పట్టకూడదు. గోరువెచ్చని నీళ్ళ సీసా గుడ్డలో చుట్టి పక్కన ఉంచండి. పాలు తాగాక తడిపిన దూదితో కింద మెల్లగా తుడవాలి. ఈ వయసులో వాటంతటవి మూత్రం పోయలేవు."

ఈ నాలుగు మాటలకు చోటూ అక్కరలేదు, ఫారమూ అక్కరలేదు. రెండవ నాటి ఫోన్‌లోనే "మేము తీసుకోలేం, మీరిలా చేయండి" అని ఉంటే ఒక్క నిమిషంలో తేలిపోయేది. చిన్న కూన ఆ రాత్రే చనిపోయింది.

తప్పంతా వారి మీదకు నెట్టడానికి మాకు ముఖం చెల్లడం లేదు. పిల్లిని బంధించి, తిండి పెట్టక, దాని తిండి దాన్ని వెతుక్కోనివ్వక చంపినందుకు శిక్షకు గురైన స్త్రీని గురించి దైవప్రవక్త (స) చెప్పిన హదీసును మేము ఎన్నోసార్లు ఇతరులకు వినిపించినవాళ్ళమే. ఆమెలా మేము పస్తు పెట్టలేదు, నిజమే. అయినా ఆ మూడు రోజులూ మేము ఎదురుచూసింది ఫోన్ కోసం. డబ్బాలో ఏం జరుగుతున్నదో చూసింది మా అమ్మాయి ఒక్కతే. "అబ్బా, చిన్నది పాలు తాగడం లేదు" అని రెండవ నాడే చెప్పింది. రేపు ఇచ్చేస్తాంలే అన్నాం. దగ్గరలోని పశువైద్యునికి చూపించాలన్న ఆలోచన కూడా రాలేదు.

పెద్ద కూన నిలబడింది. సూది తీసిన సిరంజితో రాత్రంతా వంతులవారీగా పాలు పట్టాం.

ఎనిమిదవ నాడు కేంద్రం నుంచి ఫోన్ వచ్చింది. "మీ ఫారం అందింది సార్. కూనలు రెండేనా?" అని అడిగారు. ఒకటేనని చెప్పాం.

"ఫారంలో రెండని ఉందే! సరిచేసి మళ్ళీ పంపండి" అన్నారు.