ఊరికే కనిపించే జింకకీ ఎవరో ఖర్చు పెడుతున్నారు



కార్తీక వనభోజనాల ఖర్చు గురించి గ్రూపులో నాలుగు రోజులుగా నడుస్తున్న మాటలన్నీ చదివాం. "జింకల్ని చూడ్డానికి గైడెందుకండీ, రోడ్డు పక్కన బండి ఆపితే ఊరికే కనిపిస్తాయి కదా" అన్న మాటకి చాలామంది లైకులు కొట్టారు. గైడు ఖర్చు లెక్కలో ఉండాలని అడిగిన కొద్దిమందిమీ కలిసి దీనికి జవాబు రాస్తున్నాం. కాస్త పొడుగైంది. ఓపిగ్గా చదవండి.

ముందు ఆ "ఊరికే" సంగతి తేల్చుకుందాం. మన అస్కాకి దగ్గర్లో భేటనయి, బలిపదర్ వైపు కృష్ణజింకలు మందలుగా తిరుగుతాయి. అటవీశాఖ లెక్కల్లో 2011లో మన గంజాం జిల్లాలో 2,194 ఉంటే, 2021కి 7,358 అయ్యాయి. అవి తిరిగేది కంచె వేసిన పార్కులో కాదు, రైతుల పొలాల్లో. పైరు మేస్తున్నా ఆ ఊళ్లవాళ్లు కర్ర ఎత్తరు. జింక చేలోకొస్తే వానలు పడతాయని, ఊరు బాగుంటుందని వాళ్ల నమ్మకం. మనం బండి ఆపి ఫోటో తీసుకునే జింక ఎవరి చేలో మేసి బతికింది? ఆ నష్టం ఎవరి గాదెలో కనిపిస్తుంది? మనకి ఊరికే దొరికినది వాళ్లకి ఊరికే రాలేదు.

మన ఊరి పక్కనుంచి పారే రుషికుల్యనే తీసుకోండి. అది సముద్రంలో కలిసే చోట, పోడంపేట, గోఖరకుద, పురుణాబంధ ఒడ్డున, ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుంపులుగా వచ్చి గుడ్లు పెడతాయి. 2023లో ఆరు లక్షలు దాటి వచ్చాయి. వాటి కోసం ఏటా నవంబరు 1 నుంచి మే 31 దాకా, ఆ మొగ దగ్గర ఒడ్డు నుంచి 20 కిలోమీటర్ల లోపల మరబోట్ల వేట ఆపేస్తారు. ఏడు నెలలు! ఆ నిషేధం దెబ్బ ఎవరికి తగులుతుంది? ఆ ఒడ్డున వేట మీద బతికే మనవాళ్లకే, ఒడియావాళ్లు నోలియాలు అని పిలిచే తెలుగు మత్స్యకారులకే. పోడంపేటలో సముద్రం ఇళ్లు కూడా మింగేసింది, ఊరే వేరే చోటికి జరిగింది. అలాంటివాళ్ల ఒడ్డుకి కార్లలో వెళ్లి, సెల్ఫీలు దిగి, ఒక్క రూపాయి వాళ్ల చేతిలో పెట్టకుండా వచ్చేయడం పొదుపు అనిపించుకోదు.

ఇక రెండో వాదన. "జనం వెళితేనే పాడవుతుంది, అసలు వెళ్లకపోవడమే మేలు." ఇందులో సగం నిజం ఉంది. తాబేలు పిల్లలు గుడ్డులోంచి బయటపడగానే వెలుగు ఉన్న వైపుకి పాకుతాయి. సముద్రం మీది వెలుగు వాటికి దారి చూపిస్తుంది. మన ఫోను లైటు, కారు హెడ్‌లైటు వాటిని వెనక్కి, ఇసక మీదికి లాగుతాయి. అక్కడే ఎండిపోతాయి, లేకపోతే కుక్కలు ఎత్తుకుపోతాయి. అయితే లైటు ఆర్పమని చెప్పేదెవరు? ఇంతవరకే రండి, ఇక్కడ నిలబడండి అని ఆపేదెవరు? ఆ ఒడ్డు తెలిసిన మనిషి. గైడంటే దారి చూపించేవాడే కాదు, మనల్ని ఆపేవాడు కూడా. వద్దన్నా జనం వెళ్లడం మానరు. గైడు లేకుండా వెళ్లే జనమే అసలు ప్రమాదం.

చిలికా ఉత్తరపు ఒడ్డున మంగళాజోడి చూడండి. ఒకప్పుడు అక్కడ పక్షుల వేటే బతుకుతెరువు. చంపి, గంపల్లో పెట్టి అమ్మేవాళ్లు. పక్షులు కొన్ని వేలకి పడిపోయాయి. 2000 ప్రాంతంలో ఆ వేటగాళ్లే శ్రీ మహావీర్ పక్షి సురక్షా సమితి పెట్టుకుని కాపలాకి దిగారు. చాలామంది గైడులయ్యారు, పడవ నడిపేవాళ్లయ్యారు. ఇప్పుడు చలికాలంలో లక్షల్లో పక్షులు దిగుతున్నాయి. మోటారు చప్పుడు లేదు, గెడతో తోసే పడవ. హిమాలయాలు దాటి వచ్చే చారల తల బాతుని పదడుగుల నీళ్ల అవతల చూపిస్తారు. ఆ మార్పు ఉపన్యాసాలతోనే రాలేదు. చచ్చిన పక్షి కన్నా బతికున్న పక్షి ఇంటికి ఎక్కువ తెస్తుందని లెక్క తేలాక నిలబడింది. మనం ఇచ్చే గైడు రుసుము ఆ లెక్కలోదే.

అలాగని "ఎకో టూరు" అని బోర్డు కట్టిన ప్రతివాడికీ డబ్బివ్వమని మేం అనడం లేదు. సాతపడ వైపు డాల్ఫిన్ల వెంట మోటారు బోట్లు పరిగెత్తించేవాళ్లూ గైడులమనే చెప్పుకుంటారు. డబ్బు కట్టేముందు మూడు ప్రశ్నలు అడగండి. ఈ డబ్బు ఆ ఊరివాళ్ల చేతికి వెళుతుందా? జంతువు బెదిరితే వెనక్కి తిప్పుతారా? పిల్లలకి ఏమైనా చెబుతారా, చూపించి పంపేస్తారా?

పిల్లల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఏటా ఉగాది స్టేజీ మీద "తెలుగు కాపాడుకోవాలి" అంటాం. మన పిల్లలు స్కూల్లో ఒడియా, ఇంగ్లీషు చదువుతారు. ఇంట్లో తెలుగు వంటింటి దాకా మిగిలింది. అలల పేర్లు, గాలుల పేర్లు, చేపల పేర్లు తెలుగులో చెప్పగలిగిన మనుషులు గంటన్నర దూరంలో ఉన్నారు. ఒక్క పూట వాళ్ల వెంట నడిస్తే మన పిల్లలకి దొరికే తెలుగు పద్యాల పోటీలో దొరకదు. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో పిల్లలకి వాళ్ల చెట్ల మీద గూళ్లు కట్టే నత్తగుల్ల కొంగలు చుట్టాల్లాంటివి. మనవాళ్లకి జంతువంటే నందన్‌కానన్ జూ టికెట్టు.

అందుకే మేం అడిగేది ఇది. ఈ కార్తీకంలో సౌండు బాక్సుల ఖర్చు తీసేసి, ఆ డబ్బుతో భేటనయి ఊరి కుర్రాళ్లని వెంట తీసుకెళదాం. ఇరవైమంది దాటకుండా జట్లు కడదాం. సంక్రాంతి సెలవుల్లో పిల్లల్ని మంగళాజోడి తీసుకెళదాం. తాబేళ్ల ఒడ్డుకి మాత్రం అటవీశాఖ ఒప్పుకుంటేనే, ఒడ్డు తెలిసినవాళ్ల వెంటే వెళదాం.

సౌండు బాక్సులే కావాలనుకునేవాళ్లు ఆదివారం మీటింగుకి వచ్చి ఎందుకో చెప్పండి. వింటాం. కానీ "ఊరికే" అన్న మాట మాత్రం మళ్లీ అనొద్దు.