కాళ్ళ కింద ఏరు

మా గేటు ముందర రోడ్డులో ఇనపమూత వొకటి వుంది. ఏళ్ళ తరబడి దాన్ని రోజూ తొక్కుకుంటూ పోయానే గాని, అది మాట్లాడుతుందని యెరుగను.

మేముండేది మాదాపూర్‌లో. 1998 నవంబరులో ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్ ప్రారంభించిన నాటికి ఈ చుట్టుపక్కల బండరాళ్ళూ, కుంటలే యెక్కువట. ఇప్పుడు యెటు చూసినా అద్దాల మేడలే. ఫ్లాటు కొనేటప్పుడు మా ఆవిడ, "ఏమండీ, నీళ్ళకి లోటుండదు కదా?" అని గుచ్చి గుచ్చి అడిగింది. ఉండదని అమ్మినాయన హామీ యిచ్చాడు. మాట నిలబెట్టుకున్నాడనే చెప్పాలి. 2020 అక్టోబరు 13న నగరం మీద కుంభవృష్టి కురిసింది. బేగంపేటలో ఒక్క రోజులో 19 సెంటీమీటర్ల వాన నమోదైంది. మా సెల్లారులో నడుం లోతు నీరు నిలిచింది.

ఆ సెల్లారులోనే మా వాచ్‌మన్ కాపురం. ఆ రాత్రి భార్యాభర్తలు చెరొక పిల్లనీ భుజాన వేసుకుని మెట్లెక్కి వచ్చారు. బియ్యమూ, పిల్లల పుస్తకాలూ నీళ్ళపాలయ్యాయి. మేమంతా పైన కాఫీలు తాగుతూ, "ఎక్కణ్ణుంచి వచ్చిందండీ ఇంత నీరు!" అని ఆశ్చర్యపోయాము.

జవాబు తరవాత వేసవిలో దొరికింది. వాచ్‌మన్ మామగారు చూడ్డానికి వచ్చాడు. ఆయన తండ్రి ఊళ్ళో నీరటికాడు, అంటే చెరువు తూములు తెరిచి మూసే మనిషి. ఈయన పట్నం వచ్చి, భూమిలో వున్న మంచినీటి గొట్టాలు యెక్కడ కారుతున్నాయో కనిపెట్టే పనిలో జీవితం వెళ్ళబుచ్చాడు. పనిముట్టల్లా ఒక ఇనపకడ్డీ. ఊరు మాటుమణిగాక ఒక కొన గొట్టం మీద ఆనించి, రెండో కొనకి చెవి పెట్టడమే. ఇప్పుడు గొట్టానికి రెండుచోట్ల యంత్రాలు తగిలించి, చప్పుడు దేనికి ముందు చేరిందో, దేనికి యెంత ఆలస్యంగా చేరిందో లెక్కగట్టి చిల్లి వున్న చోటు చెబుతారు. పద్ధతి మారినా వినడం మారలేదు.

ఒక రాత్రి ఆయన కడ్డీని ఆ మూత మీద ఆనించి, "ఇనుండ్రి సారూ" అన్నాడు. విన్నాను. లోపల గుడగుడమంటోంది.

"నల్లా గొట్టం కారితే బుస్సుమంటది. ఇది గట్ల లేదు. ఇది పాత కాలువ. మీద సిమెంటు పోసిన్రు, అంతే."

అప్పుడు తెలిసింది, మా ఇల్లు నీటి దారిలో వుందని. ఈ దేశంలో చెరువులు గొలుసుకట్టు. పై చెరువు నిండితే మత్తడి దూకి కింది చెరువులో పడుతుంది. చెరువులకు పేర్లైనా మిగిలాయి గాని, నడుమ కాలువలకు అదీ లేదు. మనకు దగ్గరలో వున్న దుర్గం చెరువే చూడండి. కుతుబ్ షాహీల నాడు గోల్కొండకు మంచినీరు అక్కణ్ణుంచే వెళ్ళేది. ఆ కోట ద్వారం దగ్గర చప్పట్లు కొడితే బాలాహిస్సారు మీద వినబడుతుందని వెళ్ళిన ప్రతివాడూ కొట్టి చూస్తాడు. చప్పుడు విలువా, నీటి విలువా తెలిసినవాళ్ళు ఆ కోట కట్టారు. మనం రెంటి మీదా మూత వేసి కూర్చున్నాము.

"తాతా, మరి వానలో ఈ గుడగుడ పెరిగితే భయపడాలా?" అని అడిగాను.

"పెరిగితే భయం లేదు సారూ. ఆగితే భయపడాలె."

ఇది నాకు వింతగా తోచి పుస్తకాలు తిరగేశాను. పారే నీటి గలగల చాలావరకు అందులో చిక్కుకున్న గాలిబుడగలదేనట. 1933లో మార్సెల్ మినార్ట్ అనే శాస్త్రజ్ఞుడు ఆ లెక్క తేల్చాడు. చిన్న బుడగది సన్నని గొంతు, పెద్ద బుడగది బొంగురు గొంతు. కాలువ కప్పుదాకా నిండిపోతే గాలికి చోటుండదు. బుడగలు లేవు గనక పాటా లేదు. పెద్దాయన ఏ పుస్తకమూ చదవకుండానే ఆ మాట చెప్పాడు.

తరవాతి శ్రావణంలో ఒక రాత్రి వాన దంచి కొడుతోంది. గొడుగు వేసుకుని గేటు లోపలే నిలబడి చెవి వొగ్గాను. గుడగుడ వినబడుతూనే వుంది. పదకొండు దాటాక మళ్ళీ దిగాను. వాన చప్పుడు తప్ప మరేమీ లేదు. నా గుండె ఝల్లుమంది. వాచ్‌మన్‌ని లేపి, పిల్లల్నీ, బియ్యం డబ్బానీ, ఈసారి పుస్తకాల సంచుల్నీ మా ముందుగదిలోకి చేర్పించాను. "కలగన్నారా?" అంది మా ఆవిడ. అరగంటకల్లా సెల్లారులోకి నీరు దిగింది.

మరుసటి ఆదివారం సంఘం మీటింగులో పెద్ద పంపు కొనాలని కొందరు, గోడ యెత్తు పెంచాలని కొందరు వాదించారు. నేను ఒక్కటే అడిగాను: ఆ కుటుంబానికి పైన ఒక గది ఇవ్వండని. క్లబ్బు గది ఖాళీ చెయ్యడానికి రెండు నెలలు పట్టింది గాని, చేశారు. కాలువ మాత్రం యథాప్రకారం సిమెంటు కిందే వుంది.

మీ వీధిలోనూ ఇలాంటి మూత వొకటి వుండే వుంటుంది. వాన రాత్రి దాని దగ్గరికి పోకండి, గుమ్మంలో నిలబడి వినండి. మాట్లాడుతూ వుంటే నిశ్చింతగా పడుకోండి. ఉన్నట్టుండి మాట ఆపిందా, కింద పడుకున్నవాళ్ళని లేపండి.