గృహిణీ విజ్ఞానము: వినిపించుటకు ముందు కనిపింపవలెను



నూజివీడు ప్రాంతపు సోదరి యొకరు క్రిందటి మాసమున మాకు జాబు వ్రాసిరి. వారు తమ అత్తగారిచేతను, ఇరుగుపొరుగు వృద్ధురాండ్రచేతను మామిడితోటల ముచ్చటలు, ఆవకాయ కొలతలు, పెండ్లిపాటలు చెప్పించి, వానిని సెల్‌ఫోనులో పట్టి, పాడ్‌కాస్టుగా నొక వెబ్‌సైటునం దుంచుచున్నారట. ఇరువది భాగములు పూర్తియైనవి. పాడిన పెద్దలలో నొకరు ఈ వేసవికి ముందే స్వర్గస్థులైరి. పరదేశమందున్న ఆమె మనుమరాలు అవ్వ గొంతు వినగోరి గూగులులో నెంత వెదకినను, ఆ సైటు కనబడలేదట. ఇంతలో నెవరో ఫోనుచేసి, కొంత సొమ్మిచ్చినచో నెలలోపల మొదటి పుటలో మొదటి వరుసను నిలిపెదమనిరట. ఇచ్చుటయా, మానుటయా యని ఆ సోదరి ప్రశ్న.

ఇది ఆమె యొక్కరి చిక్కు కాదు గనుక ఈ మాసపు శీర్షికను దీనికే కేటాయించుచున్నాము.

పాడ్‌కాస్టు అను మాట 2004లో ఒక ఆంగ్ల పత్రికా వ్యాసమున పుట్టినది. రేడియోకును దీనికిని భేదమేమన, రేడియోలో వేళకు విననిచో ఆ పలుకు గాలిలో కలిసిపోవును. 1948లో విజయవాడ ఆకాశవాణి కేంద్రము మొదలైననాడు వినువారే వేళకు రేడియోయొద్దకు చేరవలసియుండెను. పాడ్‌కాస్టు అట్లుగాక, పెట్టిన చోటనే యుండి, ఎప్పుడు ఎవరు వచ్చినను వినిపించును. కాని వచ్చువారికి త్రోవ తెలియవలెను గదా! ఆ త్రోవ చూపునవే సెర్చి ఇంజనులు.

వాని పని యెట్టిదో తెలిసినచో సగము చిక్కు విడిపోవును. గూగులువంటి యంత్రము సైటునుండి సైటునకు లంకెలవెంట తిరుగుచు, పుటలలోని వ్రాతను చదివి, పెద్ద పదసూచి నొకదానిని కూర్చుకొనుచుండును. మనము మాట వ్రాసి వెదకినప్పుడు లోకమంతయు నప్పుడు తిరుగదు. ఆ పదసూచిని మాత్రమే చూచును. కావున సూచిలో చేరని పుట దొరకదు. చేరినను, వెదకువారి మాట ఆ పుటలో లేనిచో దొరకుట అరుదు.

కనుక వైద్యుడు మొదట నాడి చూచినట్లు, మీ సైటు సూచిలో చేరినదో లేదో చూడుడు. గూగులు పెట్టెలో 'సైట్' అను మాటను ఇంగ్లీషు అక్షరములతో వ్రాసి, దాని వెంట రెండు చుక్కలుంచి, నడుమ ఖాళీ విడువక మీ సైటు చిరునామాను వ్రాయుడు. పుటలు కనబడినచో చేరినట్లే. ఒక్కటియు కనబడనిచో ద్వారము మూసియున్నదేమో యని అనుమానింపవలెను. వర్డ్‌ప్రెస్‌తో కట్టిన సైటులలో 'సెట్టింగ్స్' క్రింద 'రీడింగ్' అను భాగమున, సెర్చి ఇంజనులు రావలదని చెప్పు చిన్న గడి యొకటి కలదు. సైటు కట్టునపుడు దానికి టిక్కు పెట్టి, తరువాత మరచువారు పెక్కుమంది. ఆ టిక్కు తీసివేయుడు. పిదప గూగుల్ సెర్చి కన్సోల్ అను ఉచితమైన చోట మీ సైటును నమోదుచేసి, సైట్‌మ్యాప్ అనబడు పుటల పట్టికను అందజేయుడు. ఏ పుట చేరినదో, ఏది ఏల చేరలేదో అక్కడనే తెలియును.

ఇక రెండవది శీర్షిక. మాకు ప్రబంధములపై మక్కువ మెండు. అమరకోశము మామిడికి చూతము, రసాలము, సహకారము అని ముచ్చటైన పేర్లు చెప్పినది. మన చిన్నరసము, పెద్దరసముల పేర్లు వినినప్పుడెల్ల ఆ రసాలపదమే మాకు స్ఫురించును. ఐనను, ఆవకాయను గూర్చిన భాగమునకు 'సహకార సౌరభము' అని పేరుపెట్టినచో, డల్లాసులో జాడీ ముందుంచుకొని కూర్చున్న బిడ్డకు అది యెట్లు దొరకును? ఆమె 'ఆవకాయ ఎలా పెట్టాలి' అనియే వెదకును. కావున వెదకువారి నోటిమాటయే శీర్షికలో నుండవలెను. కౌముది అంతర్జాల మాసపత్రికద్వారా పరిచితులైన కిరణ్‌ప్రభగారి ప్రసంగములను చూడుడు. ప్రసంగము ఎవరిని గూర్చినదో ఆ పేరే శీర్షికలో నుండును. సొగసైన సమాసమును లోపలి వ్రాతకు దాచుకొనుడు.

ఊరి పేరు విషయమునను జాగ్రత్త వలయును. మా ముసునూరునే తీసికొనుడు. ఆ పేరుతో వెదకినచో పదునాలుగవ శతాబ్దమున ఓరుగల్లును మరల గైకొన్న ముసునూరి నాయకులు ఎదురగుదురు. కావలి చెంతనున్న మరియొక ముసునూరు ఎదురగును. ఇంటిపేరుగా గలవారును ఎదురగుదురు. పైగా 2022 ఏప్రిల్ మాసమున మా మండలము కృష్ణా జిల్లానుండి క్రొత్త ఏలూరు జిల్లాలోనికి వచ్చినది. దూరదేశములందున్నవారు ఇంకను పాత జిల్లా పేరుతోనే వెదకుదురు. కనుక 'నూజివీడు దగ్గర ముసునూరు, ఏలూరు జిల్లా, పూర్వపు కృష్ణా జిల్లా' యని పుటలో నొకమారు స్పష్టముగా వ్రాయుట మేలు.

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది: పలుకును వ్రాతలో పెట్టుట. యంత్రములకు తెలుగు వినుట రాదని కాదు. 2017నుండియే గూగులు తెలుగు మాటను విని వ్రాయుచున్నది. ఐనను, మన సైటులోని గొంతును తనంత తానే విని, సూచిలో చేర్చుకొనునని నమ్మి కూర్చుండరాదు. ప్రతి భాగమునకును వేరొక పుట యుండవలెను. అందు ఎవరు పలికిరి, ఏ ఊరివారు, ఏమి చెప్పిరి అను నాలుగు వాక్యములును, వాని క్రింద పలికినదంతయు వ్రాతలోను ఉండవలెను. యంత్రముచేత వ్రాయించినను, పెద్దల యాస, తోటల పేర్లు, సోలలు, తవ్వలు అది తప్పుగా వినును గనుక మీరు దిద్దితీరవలెను. దీనివలన చెవులు వినబడని సోదరీమణులకును మేలు కలుగును.

ఈ వ్రాత యూనికోడు లిపిలోనే యుండవలెను. 1991లో వెలువడిన యూనికోడు మొదటి కూర్పులోనే తెలుగునకు చోటు దొరకినది. అచ్చాఫీసులలో వాడు అను ఫాంటులతో కూర్చిన వ్రాత మన కంటికి తెలుగుగా తోచును గాని, యంత్రమునకు అర్థము లేని ఇంగ్లీషు గుర్తులుగానే తోచును. పెండ్లిపాటను బొమ్మగా చేసి యతికించినను అంతకంటె మేలు లేదు. తెలుగు కీబోర్డు అలవడనివారికి వీవెన్‌గారు కూర్చిన లేఖిని కలదు. మరియొక సంగతి: మనవారిలో పెక్కుమంది తెలుగుమాటను ఇంగ్లీషు అక్షరములలో వ్రాసి వెదకుదురు. ఆవకాయలోని దీర్ఘమునకు ఒకరు 'ఏ' అక్షరము నొకటి, మరియొకరు రెండు వేయుదురు. అట్టి రూపమొకటి పుటలో సహజముగా నొకచోట నుంచుడు. వరుసగా పదిమారులు గ్రుచ్చవలదు. మాటలను కుక్కుట గూగులు దృష్టిలో మోసమే.

నాలుగవది ఇతరుల మాట. 1998లో గూగులును స్థాపించిన లారీ పేజి, సెర్గీ బ్రిన్ అనువారు, ఒక పుటకు ఇతర పుటలనుండి వచ్చు లంకెలను దాని పరపతికి గుర్తుగా నెంచిరి. పిల్లను కన్నతల్లి పొగడుటకంటె ఊరివారు మెచ్చుట మేలు గదా! మీ బడి సైటో, గ్రంథాలయపు సైటో, ప్రవాసాంధ్రుల సంఘమో, వంటలను గూర్చి వ్రాయు స్నేహితురాలో మీ భాగము విని, నచ్చి లంకె వేసినచో అది నిజమైన సిఫారసు. కొన్న లంకెలు కీడునే తెచ్చును. ఆపిల్, స్పాటిఫై, యూట్యూబు స్థలములలో గూడ మీ కార్యక్రమమును చేర్చుడు. గూగుల్ పాడ్‌కాస్ట్స్ 2024లో మూతపడినది గనుక, దానిలో చేరుడని చెప్పు పాత సలహాలను విడువుడు.

ఇక సొమ్మడిగినవారి సంగతి. ప్రకటనల వరుస వేరు, మామూలు వరుస వేరు. మామూలు వరుసలో స్థానము కొరకు గూగులు సొమ్ము పుచ్చుకొనదు. మొదటి స్థానమును ఎవరును హామీ ఇయ్యజాలరని ఆ సంస్థయే చెప్పుచున్నది. కావున ఇయ్యవలదు, సోదరీ! పైని చెప్పిన పనులకు వలసినది సొమ్ము కాదు, ఓపిక. ఒక్కొక్కప్పుడు కొన్ని దినములకే ఫలితము కనబడును. ఒక్కొక్కప్పుడు మాసములు పట్టును. అంటుమొక్క నాటిననాడే కాయ నడుగుదుమా?

కడపట నొక హెచ్చరిక. దొరకవలెనను ఆత్రమున పెద్దల ఇంటి చిరునామాలు, ఫోను సంఖ్యలు పుటలలో పెట్టవలదు. పేరు వేయుటకు ముందు వారి అనుమతియు, గతించినవారి విషయమున బిడ్డల అనుమతియు తీసికొనుడు.

ఇరువది భాగములకును ఒకేమారు వ్రాత కూర్చుట గృహిణికి కష్టము. వారమున కొకటి చొప్పున సాగింపుడు. మొట్టమొదట గతించిన ఆ తల్లి పాటకే వ్రాత కూర్చుడు. మిగిలినవారిని తప్పువ్రాసినచో అడిగి దిద్దుకొనవచ్చును; ఆమె పదములను పోల్చుకొనగలవారు నేడు మీ యింటనున్న పెద్దలే. వారుండగనే ఆ పని ముగియుగాక యని కోరుచున్నాము.